ధ్రువీకరించిన వ్యాపార సందేశాలు: పేరు పక్కన టిక్కు గుర్తు వస్తే వినియోగదారుల నమ్మకం తిరిగి వస్తుందా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మేము గృహోపకరణాల మరమ్మతు సేవ నడుపుతున్నాము. ఫిర్యాదు నమోదు కాగానే ఒకటి, టెక్నీషియన్ బయలుదేరినప్పుడు ఒకటి, పని పూర్తయి బిల్లు సిద్ధమైనప్పుడు ఒకటి చొప్పున వినియోగదారులకు ఎస్ఎంఎస్‌లు పంపడం మొదటి నుంచీ మా పద్ధతి. బిల్లు సందేశంలో చెల్లింపు లింకు కూడా ఉంటుంది. ఇన్నాళ్లూ దీనితో ఏ ఇబ్బందీ రాలేదు.

ఈమధ్య ఎవరో మా పేరుతోనే "మీ వారంటీ ఈరోజుతో ముగుస్తోంది, పొడిగించుకోవడానికి వెంటనే కింది లింకు నొక్కండి" అంటూ నకిలీ సందేశాలు పంపారు. కొందరి ఫోన్లలో ఆ నకిలీ సందేశం మేము అంతకుముందు పంపిన అసలు సందేశాల కిందనే, అదే వరుసలో కనిపించడం మమ్మల్ని బాగా కలవరపెట్టింది. అప్పటి నుంచి మేము పంపే నిజమైన సందేశాలను కూడా చాలామంది అనుమానంగా చూస్తున్నారు. "ఇది మీరు పంపినదేనా?" అని ఫోన్ చేసి అడుగుతున్నారు. అడగనివారిలో కొందరు చెల్లింపు లింకును పట్టించుకోవడం లేదు. వారిని తప్పుపట్టలేను, వారి స్థానంలో ఉంటే నేనూ అలాగే చేస్తాను.

మాకు సందేశాల సేవ అందించే సంస్థ, ఆర్‌సీఎస్ విధానానికి (ఎస్ఎంఎస్‌కు బదులుగా వచ్చిన కొత్త తరం సందేశాల పద్ధతికి) మారితే మా లోగో, పూర్తి పేరు, ధ్రువీకరణ టిక్కు గుర్తు కనిపిస్తాయని, దానితో సమస్య తీరిపోతుందని చెబుతోంది. యాజమాన్యం కూడా ఆ ఖర్చుకు సిద్ధంగానే ఉంది. అయితే ఆ గుర్తు నిజంగా దేనికి హామీ ఇస్తుంది, మా పేరుతో ఇంకొకరు ఎస్ఎంఎస్ పంపడం అసలు ఎలా సాధ్యమైంది, గుర్తు వచ్చినంత మాత్రాన ఒకసారి భయపడిన మనిషి మళ్లీ నమ్ముతాడా అన్న మూడు విషయాలు తేల్చుకోకుండా అడుగు వేయడం నాకు ఇష్టం లేదు. అనుభవం ఉన్నవారు వివరించగలరని కోరుతున్నాను.

సమాధానం 1 (సంస్థల సందేశాలను ఆపరేటర్లకు చేరవేసే గేట్‌వే నిర్వహణలో పనిచేస్తున్నాను)

మీ రెండో ప్రశ్న నుంచి మొదలుపెడతాను, మిగతా రెండింటికీ మూలం అందులోనే ఉంది.

ఎస్ఎంఎస్‌లో పంపినవారి నంబరు ఉండవలసిన చోట అక్షరాలతో పేరు పెట్టుకునే వెసులుబాటు ఉంది. ఆ పేరు 11 అక్షరాలకు మించకూడదు. ఆ స్థానంలో ఉన్న పేరు నిజంగా పంపినవారిదేనా అని సరిచూసే ఏర్పాటు మాత్రం ఎస్ఎంఎస్ ప్రమాణంలోనే లేదు. పంపే వ్యవస్థ ఏ పేరు రాసి ఇస్తే, మధ్యలో ఎవరూ అడ్డుకోకపోతే, అదే పేరు ఫోను దాకా వెళుతుంది. ఫోను చేసే పని ఇంకా చిన్నది: ఒకే పేరుతో వచ్చిన సందేశాలన్నింటినీ ఒకే సంభాషణగా కూర్చి చూపిస్తుంది. మీ వినియోగదారుల ఫోన్లలో నకిలీ సందేశం అసలు వాటి కిందనే చేరడానికి కారణం ఇదే. మీ వ్యవస్థలోకి ఎవరైనా చొరబడితేనే ఇలా జరుగుతుందని అనుకోనక్కరలేదు, అయినా లాగులు (వ్యవస్థలో ఎవరు ఎప్పుడు ఏం చేశారో చెప్పే నమోదులు) ఒకసారి పరిశీలించుకోవడం మంచిది.

ఈ లోపాన్ని పూడ్చడానికి చాలా దేశాలు పేర్ల నమోదును తప్పనిసరి చేశాయి. సింగపూర్‌లో 2023 జనవరి 31 నుంచి, నమోదు కాని పేరుతో వచ్చే ఎస్ఎంఎస్‌పై అది మోసం కావచ్చన్న హెచ్చరిక కనిపించేలా చేశారు. భారతదేశంలో టెలికాం నియంత్రణ సంస్థ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం పంపే సంస్థ, దాని హెడర్ (పంపినవారి పేరు), సందేశపు టెంప్లేట్ (ముందే ఆమోదించిన నమూనా) అన్నీ ముందుగా ఆపరేటర్ల డీఎల్‌టీ అనే ఉమ్మడి నమోదు వేదికపై నమోదై ఉండాలి. ముందే ఆమోదం పొందని లింకులున్న సందేశాలను 2024 అక్టోబరు 1 నుంచి ఆపరేటర్లు ఆపివేస్తున్నారు. అమెరికాలో వ్యాపార ఎస్ఎంఎస్‌లకు అక్షరాల పేరు అసలు చెల్లదు, అక్కడ నంబరుకే సంస్థ పేరునూ పంపే ఉద్దేశాన్నీ జోడించి నమోదు చేయాలి. కాబట్టి మీరు సేవలందించే ప్రతి దేశంలోనూ నమోదు పూర్తయిందో లేదో ముందు చూసుకోండి. మీ పేరుకు ఒకటి రెండు అక్షరాల తేడాతో ఉండే పేర్లను ఇంకొకరు తీసుకోకుండా అడ్డుకునే వీలుందేమో కూడా అడగండి.

నమోదుతో అన్ని దారులూ మూసుకుపోవు. నకిలీ టవర్‌లా పనిచేసే పరికరాన్ని వాహనంలో పెట్టుకుని తిరుగుతూ, చుట్టుపక్కల ఫోన్లను 2జీకి దింపి, వాటికి నేరుగా సందేశాలు పంపే ముఠాలు అనేక దేశాల్లో పట్టుబడ్డాయి. 2జీలో నెట్‌వర్క్ ఫోనును గుర్తిస్తుంది గానీ, తాను కలిసింది నిజమైన నెట్‌వర్క్‌తోనేనా అని ఫోను సరిచూడదు. ఆ సందేశం ఆపరేటర్ గుండా వెళ్లదు కనుక ఆపరేటర్ పెట్టిన వడపోత ఏదీ దానికి వర్తించదు. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో 2జీని ఆపుకునే సదుపాయం ఉన్నా, దాని గురించి తెలిసినవారు చాలా తక్కువ.

ఇక ఆర్‌సీఎస్ విషయం. ఇందులో పంపే సంస్థకు ఒక ప్రొఫైల్ ఉంటుంది. సంస్థ వివరాలను, సంస్థ తరఫున దరఖాస్తు చేసిన వ్యక్తికి ఆ అధికారం ఉందో లేదో పరిశీలించిన తరువాతే పేరు, లోగో, గుర్తు కనిపిస్తాయి. ఎస్ఎంఎస్‌లోలాగా పేరు గడిలో ఏదో ఒకటి రాసి పంపడం ఇక్కడ కుదరదు. ఇది నిజమైన మెరుగుదల, మీ సేవాసంస్థ ఆ మేరకు సరిగ్గానే చెప్పింది. మొబైల్ ఆపరేటర్ల సంఘమైన జీఎస్ఎంఏ 2016లో యూనివర్సల్ ప్రొఫైల్ అనే ఉమ్మడి ఆర్‌సీఎస్ ప్రమాణాన్ని ప్రకటించినా, ఐఫోన్లు 2024 సెప్టెంబరులో ఐఓఎస్ 18తో గానీ ఆర్‌సీఎస్‌లోకి రాలేదు. అందువల్ల ఇన్నేళ్లూ ఈ విధానం సగం ఫోన్ల వ్యవహారంగానే ఉండిపోయింది. ఇప్పటికీ దేశాన్ని, ఆపరేటర్‌ను, ఫోనును బట్టి అందుబాటు మారుతుంది.

మీ సేవాసంస్థ చెప్పని సంగతి ఒకటుంది. ఆర్‌సీఎస్ చేరని ఫోనుకు అదే సందేశం మామూలు ఎస్ఎంఎస్‌గా వెళ్లేలా సాధారణంగా ఏర్పాటు చేస్తారు. అంటే మీ వినియోగదారుల్లో కొందరు గుర్తుతోనూ, కొందరు గుర్తు లేకుండానూ మీ సందేశాలు అందుకుంటూనే ఉంటారు. "గుర్తు లేకపోతే అది మాది కాదు" అని మీరు ప్రకటించగలిగితేనే ఆ గుర్తుకు పూర్తి విలువ వస్తుంది. ఎస్ఎంఎస్‌కు మళ్లే ఏర్పాటు ఉన్నంతకాలం ఆ మాట అనలేరు. బిల్లులు, చెల్లింపుల వంటి కీలకమైన సందేశాల వరకైనా ఎస్ఎంఎస్‌కు మళ్లించడం ఆపి, ఆర్‌సీఎస్ అందనివారికి వాటిని యాప్‌లోనో, ఫోన్ కాల్ ద్వారానో తెలియజేయగలరేమో ఆలోచించండి.

వ్యాపార ఖాతాలతో జరిగే ఆర్‌సీఎస్ సంభాషణలకు, వ్యక్తుల మధ్య సందేశాలకు కొన్ని యాప్‌లలో ఉన్నట్టుగా ఇరువైపులా పూర్తి ఎన్‌క్రిప్షన్ (మధ్యలో ఎవరూ చదవలేని రక్షణ) ఉంటుందని కూడా అనుకోకండి. ఆ గుర్తు పంపినది ఎవరో చెబుతుంది, అంతవరకే.

సమాధానం 2 (వినియోగదారుల సేవా విభాగాన్ని చూస్తున్నాను)

పై సమాధానంలోని సాంకేతిక వివరాలతో నాకు పేచీ లేదు. అయితే మీ మూడో ప్రశ్నకు జవాబు సాంకేతికతలో లేదని నా గట్టి అభిప్రాయం.

మీరు చెప్పిన నకిలీ సందేశాన్ని మళ్లీ ఒకసారి చదవండి. వెంటనే నొక్కమంటుంది, ఈరోజే ఆఖరు అంటుంది, దేని వారంటీయో చెప్పదు. ఇప్పుడు దాని పక్కన మీ బిల్లు సందేశాన్ని పెట్టి చూడండి. చాలా సంస్థల్లో అది దాదాపు ఇలా ఉంటుంది: "ప్రియమైన కస్టమర్, మీ బిల్లు పెండింగ్‌లో ఉంది. అంతరాయం లేని సేవ కోసం వెంటనే ఈ లింకు ద్వారా చెల్లించండి." తొందరపెట్టడంలో, వివరం దాచడంలో, లింకు ఒక్కటే దారిగా చూపించడంలో ఈ రెండింటికీ తేడా కనిపించదు. మోసగాడు మిమ్మల్ని అనుకరించడం సులువయిందంటే, మీ సందేశాలు అప్పటికే అతడి సందేశాల్లా ఉన్నాయని అర్థం. పేరు పక్కన గుర్తు చేరినా ఈ భాష మారకపోతే చదివేవారి మనసులో కలిగే ఉలికిపాటు తగ్గదు.

దాని బదులు ఇలా రాసి చూడండి: "వాషింగ్ మెషీన్ ఫిర్యాదు (చివరి అంకెలు 4172): పని పూర్తయింది. బిల్లు మా యాప్‌లో 'నా సర్వీసులు' కింద ఉంది. చెల్లింపు లింకులు మేము మెసేజ్‌లో పంపము." ఇందులో ఏ పని గురించి చెబుతున్నారో ఉంది, తొందర లేదు, చదివినవారు తమకు ముందే తెలిసిన దారిలో వెళ్లి సరిచూసుకునే వీలుంది. ఆఖరి వాక్యం ఈరోజు కంటే రేపు ఎక్కువగా ఉపయోగపడుతుంది. ఆ మాటను ప్రతి బిల్లు సందేశంలోనూ చదివిన మనిషికి లింకుతో ఒక నకిలీ సందేశం వస్తే, అది మీది కాదని ఎవరినీ అడగకుండానే తెలిసిపోతుంది.

దీనికి చిన్న ఖర్చు ఉంది. ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక ఎస్ఎంఎస్‌కు 160 అక్షరాలు పడితే, తెలుగు లిపిలో 70 మాత్రమే పడతాయి. పైగా గుణింతపు గుర్తులు, పొల్లులు కూడా విడివిడిగా లెక్కకు వస్తాయి. దాటితే ఒక్కో భాగానికి 67 చొప్పున విడిపోతుంది కనుక పైన రాసినది మూడు భాగాలవుతుంది, మూడు సందేశాల రుసుము పడుతుంది. ఖర్చు తగ్గించుకోవడం కోసం వివరం కోసేసి, లింకు ఒక్కటి మిగల్చడం చాలా చోట్ల చూశాను. నేనైతే సందేశాల సంఖ్యను తగ్గించుకుంటాను గానీ వివరాన్ని తగ్గించను. "టెక్నీషియన్‌ను కేటాయించాము", "టెక్నీషియన్ సిద్ధమవుతున్నారు" లాంటివి ఎవరికీ అక్కరలేదు.

ఇంకో మాట. "ఇది మీరు పంపినదేనా?" అని ఫోన్ చేసేవారిని భారంగా చూడవద్దని మీ సిబ్బందికి చెప్పండి. వారు చేస్తున్నది సరైన పని. ఏ నంబరుకు ఏ సమయంలో ఏ సందేశం వెళ్లిందో ఫోన్ తీసేవారి తెరపై కనిపించాలి, వారు వెంటనే అవునో కాదో చెప్పగలగాలి. "తెలుసుకుని చెబుతాము" అన్న జవాబు విన్నవారు రెండోసారి ఫోన్ చేయరు, ఆ తరువాత ఏ సందేశాన్నీ నమ్మరు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మా బిల్లు సందేశం మీరు రాసిన నమూనాకు చాలా దగ్గరగా ఉందని ఒప్పుకోవాలి. చెల్లింపు లింకు తీసివేస్తే వసూళ్లు ఆలస్యమవుతాయని లెక్కల విభాగం అభ్యంతరం చెబుతోంది, ఆ చర్చ నడుస్తోంది.

ఈలోగా ఇంకో విషయం అడగాలి. పని పూర్తయ్యాక వినియోగదారు ఫోనుకు ఒక ఓటీపీ వెళుతుంది. దాన్ని టెక్నీషియన్‌కు చెబితేనే మా వ్యవస్థలో ఫిర్యాదు ముగుస్తుంది. నకిలీ సందేశాల గొడవ తరువాత చాలామంది, ముఖ్యంగా పెద్దవయసువారు, ఆ ఓటీపీ చెప్పడానికి ఒప్పుకోవడం లేదు. ఇంటి ముందు వాదన జరిగిన సందర్భాలూ ఉన్నాయి. దీన్ని ఎలా సరిదిద్దాలి?

సమాధానం 3 (సమాచార భద్రత నా వృత్తి)

ఓటీపీ చెప్పడానికి నిరాకరించిన ఆ పెద్దవారు పూర్తిగా సరైన పని చేశారు. బ్యాంకులు ఎన్నో ఏళ్లుగా "ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు" అని పదే పదే చెబుతున్నాయి, ఆ మాట ఎందరి డబ్బునో కాపాడింది. ఇంకోవైపు సామాన్లు చేర్చేవారూ మరమ్మతు చేసేవారూ గుమ్మం ముందు నిలబడి ఓటీపీ అడుగుతున్నారు. రోజూ ఎవరో ఒకరికి ఓటీపీ చెప్పడం అలవాటైన మనిషి, రేపు ఫోనులో ఒక మోసగాడు అడిగినప్పుడు ఎక్కడ ఆగాలో ఎలా తెలుసుకుంటాడు? మీ సంస్థ ఒక్కటీ ఈ పద్ధతి మానుకుంటే లోకం మారిపోదు గానీ, మీ వినియోగదారుల విషయంలో ఆ బాధ్యత మీదే.

పద్ధతిని తిరగేయండి. టెక్నీషియన్ బయలుదేరినప్పుడు పంపే సందేశంలో ఒక కోడు పెట్టి, "వచ్చిన వ్యక్తి ఈ కోడు మీకు చెప్పాలి, మీరు ఎవరికీ చెప్పనక్కరలేదు" అని రాయండి. టెక్నీషియన్ తన పరికరంలో కనిపించే కోడును వినియోగదారుకు చెబుతాడు, వారు తమ ఫోనులో చూసి సరిపోల్చుకుంటారు. ఇప్పుడు గుమ్మం దగ్గర నిరూపించుకోవలసిన బాధ్యత లోపలికి రావలసినవారిది అవుతుంది, మొదటి నుంచీ ఉండవలసింది అలాగే. పని పూర్తయిందన్న నిర్ధారణకు టెక్నీషియన్ పరికరంపై సంతకమో, యాప్‌లో ఒక బటనో చాలు. దానికి రహస్య సంఖ్య అక్కరలేదు.

మీ యాప్‌లోకి లాగిన్ కావడానికి పంపే ఓటీపీ మాత్రం నిజంగా రహస్యమే కనుక, దాన్ని వేరే టెంప్లేట్‌లో, వేరే మాటలతో పంపండి. వెబ్‌సైటులో కూడా ఓటీపీ వాడుతున్నట్లయితే, సందేశపు ఆఖరి వరుసలో మీ వెబ్‌సైటు డొమైన్ పేరునూ (వెబ్ చిరునామాలోని ప్రధాన పేరు) కోడునూ ఒక నిర్ణీత రూపంలో జోడించే పద్ధతి ఉంది. అలా పంపిన కోడును ఐఫోన్ వంటివి ఆ డొమైన్‌కు చెందిన పేజీలోనే తమంతట తాముగా నింపడానికి ముందుకొస్తాయి, నకిలీ పేజీలో ఆ సూచన చూపవు. వినియోగదారు ఏమీ నేర్చుకోనక్కరలేకుండా కొంత రక్షణ దొరుకుతుంది.

రెండో సమాధానం రాసినవారితో ఒక చోట విభేదిస్తాను. సందేశంలో ఉన్న వివరాన్ని బట్టి అది నిజమైనదని వినియోగదారు నిర్ణయించుకోవచ్చన్న భావన ప్రమాదకరం. ఎక్కడో ఒకచోట వివరాలు బయటకు పొక్కితే మోసగాడి దగ్గర కూడా పేరు, ఉపకరణం, ఫిర్యాదు తేదీ అన్నీ ఉంటాయి. అప్పుడు నకిలీ సందేశమే అసలుదాని కంటే వివరంగా కనిపిస్తుంది. వివరం ఉండాలి, అయితే అది గుర్తుపట్టడానికే, రుజువుగా పనికిరాదు. రుజువు ఎప్పుడూ సందేశం బయటే ఉండాలి: యాప్‌లోనో, బిల్లుపై అచ్చయిన నంబరులోనో, వినియోగదారు తానే టైపు చేసుకునే వెబ్‌సైటు చిరునామాలోనో. అన్నట్టు, వదిలేసిన ఫోన్ నంబర్లను ఆపరేటర్లు కొంతకాలం తరువాత వేరేవారికి కేటాయిస్తారు. కాబట్టి ఇంటి చిరునామా, పూర్తి పేరు వంటివి సందేశంలో రాయకండి, అవి ఎవరి చేతికి వెళుతున్నాయో మీకు తెలియదు.

లింకు తీసివేయడానికి లెక్కల విభాగం ససేమిరా అంటే, కనీసం ఈ షరతులు పెట్టండి. లింకు మీ సొంత డొమైన్‌పైనే ఉండాలి. పొట్టి లింకులు తయారుచేసే సాధారణ సేవలను వాడకూడదు, ఎందుకంటే నొక్కేదాకా అది ఎక్కడికి తీసుకెళుతుందో చదివేవారికి తెలియదు. ఆ పేజీలో బిల్లు కనిపించాలి తప్ప పాస్‌వర్డ్ గానీ కార్డు వివరాలు గానీ నేరుగా అడగకూడదు. ప్రచారం కోసం ఎప్పుడో తీసుకున్న డొమైన్ గడువును మీరు పొడిగించకుండా వదిలేస్తే దాన్ని ఎవరైనా కొనుక్కోవచ్చు. అప్పుడు మీరు పంపిన పాత సందేశాల్లోని లింకులన్నీ, ధ్రువీకరణ గుర్తు ఉన్న సంభాషణలోంచే, కొత్త యజమాని పేజీకి దారితీస్తాయి. ఒకసారి వినియోగదారులకు పంపిన డొమైన్‌ను వ్యాపారం నడిచినంతకాలం మీ దగ్గరే ఉంచుకోవాలి.

ఇక ధ్రువీకరణ గుర్తు గురించి. అది సంస్థ ఎవరన్నది పరిశీలించారని చెబుతుంది, సందేశంలోని ప్రతి మాటకూ హామీ ఇవ్వదు. మీ సందేశాల వేదిక పాస్‌వర్డ్ లేదా ఏపీఐ కీ (మీ సాఫ్ట్‌వేర్ ఆ వేదికలోకి ప్రవేశించడానికి వాడే రహస్య సంకేతం) దొంగల చేతిలో పడితే నకిలీ సందేశం మీ లోగోతో, మీ టిక్కు గుర్తుతో సహా వెళుతుంది. ఎస్ఎంఎస్ కాలంలో కంటే ఆ నష్టం పెద్దది, ఎందుకంటే ఆ గుర్తును నమ్మమని మీరే చెప్పి ఉంటారు. కాబట్టి ఆర్‌సీఎస్‌కు మారేటప్పుడు ఆ వేదికలోకి ఎవరెవరు ప్రవేశించగలరో, ఉద్యోగం మానేసినవారి ఖాతాలు మూతపడ్డాయో లేదో, ఒకేసారి వేలమందికి సందేశం వెళ్లాలంటే రెండో మనిషి అనుమతి అవసరమయ్యే ఏర్పాటు ఉందో లేదో చూడండి. వాట్సాప్ వ్యాపార ఖాతాలోని నీలి గుర్తుకు కూడా ఇదే వర్తిస్తుంది.

సమాధానం 4

ఒక్క విషయం చేర్చాలనుకుంటున్నాను. ధ్రువీకరించిన ఖాతా చేతికి రాగానే మార్కెటింగ్ విభాగం ఆ దారిలో పండుగ రాయితీలు, కొత్త పథకాలు పంపడం మొదలుపెడుతుంది. ఆర్‌సీఎస్‌లో బొమ్మలు, బటన్లు పెట్టుకోవచ్చు కనుక ఆ ఆశ ఇంకా ఎక్కువ. దయచేసి మొదటి రోజు నుంచే దాన్ని అడ్డుకోండి. ప్రచార సందేశాలతో విసిగి వినియోగదారు మీ ఖాతాను బ్లాక్ చేస్తే టెక్నీషియన్ వస్తున్నాడన్న సందేశం కూడా అందదు, ఎక్కువమంది స్పామ్‌గా ఫిర్యాదు చేస్తే మీ పంపే సామర్థ్యానికే పరిమితులు పడవచ్చు. ప్రచారానికి విడిగా సమ్మతి తీసుకోండి, వద్దని ఒక్క మాట జవాబిస్తే ఆగిపోయే ఏర్పాటు పెట్టండి, ఆ జవాబు నిజంగా పనిచేస్తోందో లేదో మీ సొంత ఫోను నుంచి పరీక్షించండి. భారతదేశంలో హెడర్ చివర పీ, ఎస్, టీ, జీ అక్షరాలు చేర్చి ప్రచార, సేవా, లావాదేవీ, ప్రభుత్వ సందేశాలను వేరు చేస్తున్నది కూడా ఈ రకాలు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా ఉండాలనే.

ప్రశ్న అడిగినవారు

చాలా విలువైన వివరాలు ఇచ్చారు. కోడును టెక్నీషియనే చెప్పే పద్ధతికి యాజమాన్యం వెంటనే అంగీకరించింది. దానికి ఖర్చు పెద్దగా లేదు, గుమ్మం దగ్గర వాదనలూ ఆగుతాయి. బిల్లు లింకు తీసివేయడాన్ని ముందు కొందరు వినియోగదారులతో పరీక్షించి చూస్తాము. ఆర్‌సీఎస్ ఆ తరువాత.

ఇప్పటికే నకిలీ సందేశం అందుకున్నవారికి మా వైపు నుంచి ఒక హెచ్చరిక పంపాలా? పంపితే దాన్ని కూడా నకిలీ అనుకుంటారేమో, పైగా విషయం తెలియనివారిని కూడా భయపెట్టినట్టవుతుందేమో అని యాజమాన్యం వెనకాడుతోంది.

సమాధానం 2 రాసినవారు

తప్పకుండా పంపాలి. విషయం మీ నోటి నుంచి ముందు వినకుండా, మోసపోయిన బంధువు ద్వారా తెలుసుకున్న వినియోగదారు, మీరు దాచారనే అనుకుంటారు. ఆ అభిప్రాయాన్ని తరువాత తుడిచివేయడం చాలా కష్టం.

హెచ్చరికను కూడా నకిలీ అనుకుంటారేమోనన్న భయానికి పరిష్కారం ఆ సందేశపు రూపంలోనే ఉంది. అందులో లింకు గానీ, ఫోన్ నంబరు గానీ పెట్టకండి. "మా పేరుతో వారంటీ పొడిగింపు అంటూ నకిలీ మెసేజ్‌లు వస్తున్నాయి. వాటిని మేము పంపలేదు. అందులో వివరాలు ఇచ్చి ఉంటే వెంటనే మీ బ్యాంకుకు చెప్పండి. మా నంబరు మీ పాత బిల్లుపై ఉంటుంది." ఇంతే చాలు. ఏమీ నొక్కమని అడగని సందేశాన్ని నకిలీ అనుకున్నా చదివినవారికి నష్టం లేదు, వారు వెళ్లి బిల్లు మీది నంబరు చూసి ఫోన్ చేస్తే మీకు కావలసింది కూడా అదే. "వెంటనే" అన్న మాట ఇక్కడ ఒక్కచోటే ఉంది, బ్యాంకుకు చెప్పే విషయంలో ఆ తొందర నిజంగా అవసరం కనుకనే ఉంచాను.

అదే రోజు యాప్ తెరవగానే కనిపించే చోట, వెబ్‌సైటు మొదటి పేజీలో కూడా అవే మాటలు పెట్టండి. మీరు వాడే పంపేవారి పేర్లు, మీరు ఎప్పటికీ సందేశంలో అడగని వివరాలు ఒక పేజీలో రాసి ఉంచండి. నకిలీ సందేశపు చిత్రాన్ని కూడా, లింకు భాగం చెరిపేసి, అక్కడ చూపించండి. హెచ్చరిక బయటకు వెళ్లే ముందే ఫోన్ తీసే సిబ్బందికి ఆ హెచ్చరిక పాఠ్యం చేతికి అందాలి, ఎందుకంటే అది వెళ్లిన గంటలోనే కాల్స్ మొదలవుతాయి. ఆ మొదటి రోజుకు అదనంగా ఇద్దరు ముగ్గురిని ఫోన్ల దగ్గర కూర్చోబెట్టుకోండి. డబ్బు పోగొట్టుకున్నామని చెప్పేవారి కాల్స్ మాత్రం అందరికీ పంచకుండా, ఓపికగా వినగల ఒక్క మనిషికే అప్పగించండి.